పారశాస్త్రం

ఆ హైస్కూల్లో టైంటేబుల్ అందరికీ ఒకటే. బుధవారం, శుక్రవారం మధ్యాహ్నం మొదటి పీరియడ్ పౌరశాస్త్రం అని దాని మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ అక్షరాలు చూసి మోసపోకూడదు. రోడ్డు వైపు మేడలో కూర్చునే మొదటి సెక్షన్ వాళ్లకు ఆ పీరియడ్‌లో నిజంగానే పౌరశాస్త్రం ఉంటుంది. మాస్టారు వస్తారు. బల్లలు గుండ్రంగా జరిపించి పిల్లల చేత ఉత్తుత్తి కౌన్సిల్ నడిపిస్తారు. ఒకణ్ణి ఛైర్మన్‌ని చేసి చేతికి చిన్న చెక్కసుత్తి కూడా ఇస్తారు. వెనక రేకుల షెడ్డులో కూర్చునే నాలుగో సెక్షన్ వాళ్లకు అదే పీరియడ్‌లో పారలు ఇస్తారు.

అవును, పారలే. ఆటస్థలం చదును చెయ్యాలి, కాలవలో పూడిక తియ్యాలి, మేడ చుట్టూ కలుపు పీకాలి. వానొస్తే ఆ రోజుకి బెంచీలు మొయ్యాలి.

"వీళ్లు పదో తరగతి అవగానే ఎలాగూ ఏదో ఒక పనిలోకి పోయేవాళ్లే కదండీ! వీళ్లకి తీర్మానాలూ సభలూ దేనికి? నాలుగు చెమట చుక్కలు కారితే ఒంటికి మంచిది" అనేది పెద్ద మేడం గారి సిద్ధాంతం. పిల్లల ఒంటికి మంచిదో కాదో గాని, బడికి మాత్రం కూలీ ఖర్చు లేకుండా ఆటస్థలం అద్దంలా తయారైంది. ఆ ఆటస్థలంలో ఆడుకునేది ఎవరో వేరే చెప్పాలా?

షెడ్డు గోడ మీద సుద్దతో రాసిన టైంటేబుల్లో ఎవరో 'పౌ'కి ఔత్వం చెరిపేసి దీర్ఘం పెట్టారు. పౌరశాస్త్రం కాస్తా పారశాస్త్రం అయి కూర్చుంది. "ఇవాళ పారశాస్త్రం హోంవర్క్ ఏంట్రా?" "అరచేతిలో బొబ్బలు." ఇలా నవ్వుకునేవాళ్లు. ఆ దీర్ఘం పెట్టిన చెయ్యి మేస్త్రమ్మది.

మేస్త్రమ్మ అంటే ఆ సెక్షన్లో ఒక పిల్ల. ఎవరు ఎక్కడ తవ్వాలో, ఎవరు తట్ట మొయ్యాలో, ఎవరికి జ్వరంగా ఉంది కాబట్టి నీడలో కూర్చోవాలో చెప్పేది ఆ పిల్లే గనక ఆ పేరు పడింది. వాళ్ల నాన్న లారీ మీద పోయి ఎప్పుడో గాని ఇంటికి రాడు. అమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది.

వాళ్ల ఇల్లు రైలు పట్టాలకు అవతల. బడి, ఆసుపత్రి, బజారు ఇవతల. మధ్యలో పట్టాల మీదుగా ఒక ఇనప వంతెన ఉంది. అందరూ దాన్ని ఇనప మెట్లు అంటారు. అవతలి పేటలో ఉన్న ఆడా మగా, పిల్లా జెల్లా అందరికీ అదే దారి. తెల్లవారుజామున షిఫ్టుకు పోయేవాళ్లు ఎక్కితే ఆ మెట్ల చప్పుడుకే పేటంతా నిద్ర లేస్తుంది. ఆ మెట్లు లేకపోతే గోడౌన్లన్నీ చుట్టి లారీలు తిరిగే పెద్దరోడ్డు మీదుగా రావాలి. ఆ రోడ్డు పక్కన నడవడానికి జానెడు జాగా కూడా లేదు.

ఒకరోజు ఆ మెట్ల మొదట్లో మున్సిపాలిటీ వాళ్లు కాగితం అంటించారు. లాండ్రీ నుంచి వస్తూ అమ్మ దాని ముందు ఆగింది. "చదవవే" అంది.

మేస్త్రమ్మ గడగడా చదివింది. వంతెన శిథిలమైనదట, వాడుక స్వల్పమట, మూసివేయుటకు ప్రతిపాదించడమైనదట. "అభ్యంతరములు ఉన్నచో సభాముఖముగా తెలియజేయవచ్చును."

"సభకి మొహం కూడా ఉంటుందేంటే?"

"ఏమో అమ్మా. చదవడం వచ్చు గాని, దీని అర్థం నాకు తెలీదు."

"సరేలే, పెద్దవాళ్ల గొడవ. మనల్ని పిలిచి అడుగుతారా, పెడతారా?" అని అమ్మ రెండు మెట్లెక్కి ఆగిపోయింది. "ఒక మాట మాత్రం ఇప్పుడే చెప్తున్నా. ఈ మెట్లు మూసేస్తే నీ చదువూ మూసేసినట్టే. ఆ లారీల రోడ్డు మీద నిన్ను రోజూ ఒంటరిగా పంపి, గుండె గుప్పెట్లో పెట్టుకుని నేను దుప్పట్లు ఉతకలేను. నాతోపాటు లాండ్రీకి వద్దువుగాని."

అమ్మ అన్నదంటే అన్నదే.

మర్నాడు పౌరశాస్త్రం మాస్టారు వరండాలో కనిపిస్తే పరిగెత్తుకెళ్లి అడిగింది. "సార్, సభాముఖంగా అంటే ఏంటి సార్? అభ్యంతరం ఎలా చెప్పాలి?"

ఆయన చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. నెమ్మదిగా కళ్లజోడు సర్దుకుని, "మీ సెక్షన్ నాకు లేదు కదమ్మా" అని, సుద్దముక్కలు చేతిలో ఎగరేసుకుంటూ మేడ మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఒక్క ముక్కలో చెప్పాల్సిన అర్థానికి కూడా సెక్షన్ అడ్డం వస్తుందని ఆ పిల్లకు ఆ రోజే తెలిసింది.

సభ వాళ్ల బళ్లోనే పెట్టారు. మున్సిపాలిటీ హాలుకి రంగులేస్తున్నారట. ఇంకేం, నాలుగో సెక్షన్‌కి చేతినిండా పని. పొద్దుటి నుంచీ హాలు ఊడ్చి, కడిగి, స్టోర్ రూమ్‌లోంచి కుర్చీలు మోసి వరసలు వేశారు. "అయ్యాక గోడవారగా నిలబడండి. కుర్చీ చాలకపోతే తెచ్చి వెయ్యండి. ఎవరైనా నోరెత్తారో, చూడండి!" అని పెద్ద మేడం వేలు చూపించి మరీ చెప్పింది.

మొదటి సెక్షన్ వాళ్లు మాత్రం ఇస్త్రీ మడత నలగకుండా ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ల పేరు ఆ రోజుకి 'యువ పౌరులు'. గోడవారగా నిలబడ్డవాళ్లకు ఏ పేరూ పెట్టలేదు.

మున్సిపల్ ఛైర్మన్ గారు వచ్చి కూర్చున్నాక, యువ పౌరుల తరఫున ప్లీడరు గారబ్బాయి లేచాడు. మంచి గొంతు, తడబాటు లేదు. "మేము స్వయంగా వంతెన దగ్గరికి వెళ్లి లెక్కపెట్టాం. మేమున్నంతసేపూ పట్టుమని పదిమంది కూడా ఎక్కలేదు. పదిమంది కోసం ప్రజాధనం ఖర్చుపెట్టడం సబబేనా?" అన్నాడు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు పెంచాలో బాగా నేర్పారు. ఛైర్మన్ గారు ముచ్చటపడి తలూపాడు.

పట్టుమని పదిమందా! రోజూ పొద్దున మేస్త్రమ్మ ఎక్కేటప్పుడు ముందు మనిషి మడమ తగలకుండా అడుగు పెట్టడమే కష్టం.

"ఎవరికైనా అభ్యంతరాలు ఉన్నాయా?" అన్నాడు ఛైర్మన్. ఎవరూ పలకలేదు. "ఉన్నాయా?" మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగేటప్పుడు ఆయన చూపు ముందు వరస నుంచి వెనక వరస దాకా నడిచి, కుర్చీలు ఎక్కడ అయిపోయాయో అక్కడే ఆగి వెనక్కి తిరిగింది. గోడ దాకా రాలేదు.

"అయితే ఏకగ్రీవం" అన్నాడు.

చప్పట్లు మోగాయి. పెద్ద మేడం గోడ వైపు తిరిగి, మీరూ కొట్టండి అని కళ్లతోనే కసిరింది. నాలుగో సెక్షన్ కూడా కొట్టింది. అందరితోపాటు మేస్త్రమ్మ కూడా కొట్టింది. తన చదువు మూతపడుతున్నందుకు తన చేతులతో తానే చప్పట్లు కొట్టింది.

జనం వెళ్లాక కుర్చీలు మడుస్తుంటే ప్లీడరు గారబ్బాయి మర్చిపోయిన నీళ్ల సీసా కోసం వెనక్కి వచ్చాడు. మేస్త్రమ్మ అడ్డం నిలబడింది.

"పదిమంది కూడా ఎక్కలేదన్నావు, ఎప్పుడు లెక్కపెట్టావు?"

"ఆదివారం మధ్యాహ్నం. మిగతా రోజుల్లో మాకు బడి ఉంటుంది కదా" అన్నాడు వాడు, ఇందులో అడగడానికేముందన్నట్టు.

ఆ పిల్లకు నవ్వాలో, వాణ్ణి కుర్చీతో ఒకటి వెయ్యాలో తెలియలేదు. "ఆదివారం ఎవడెక్కుతాడు? లాండ్రీకి సెలవు, గోడౌన్లకి సెలవు, బడికి సెలవు! మిగతా రోజుల్లో మీకు బడుందని మీరు రాలేదు, మేం ఆ బడికొచ్చేదే ఆ మెట్ల మీద!"

వాడి ముఖం కాస్త వాడింది. అయినా ప్లీడరు గారి రక్తం. "మరి ఆ మాట అక్కడే చెప్పాల్సింది. మూడుసార్లు అడిగారు కదా!"

"అది మమ్మల్ని అడిగినట్టా?"

"సభలో ఉన్న ఎవర్నైనా అడిగినట్టే. మాస్టారు చెప్పారు. మీరు మాట్లాడకపోతే ఛైర్మన్ గారు మాత్రం ఏం చేస్తారు? మౌనం అర్ధాంగీకారం అన్నారు."

"అర్ధాంగీకారం అంటే సగమే కదా. మరి మిగతా సగం మా తరఫున ఎవడిచ్చాడు?"

దానికి వాడికి మాస్టారు జవాబు నేర్పలేదు. సీసా చంకన పెట్టుకుని కదిలాడు. పోతూ పోతూ, బాకీ తీర్చుకుంటున్నవాడిలా అన్నాడు. "ఇంకా పూర్తిగా అయిపోలేదులే. వచ్చే సభలో ఈ తీర్మానం చదివి వినిపిస్తారు. అది ఖరారయ్యేలోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు."

"ఎవరైనా అంటే? కుర్చీలు మోసేవాళ్లు కూడానా?"

వాడు గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు. "పుస్తకంలో ఎవరైనా అనే ఉంది. కుర్చీలో కూర్చున్నవాళ్లే అని లేదు."

ఇది కదా అసలు కడుపు మండే సంగతి! ఆ 'ఎవరైనా' అన్న మాట మేడ మీద గదిలో ప్రతి బుధవారం, ప్రతి శుక్రవారం పలుకుతూనే ఉన్నారు. ఆ గది కిటికీ కిందే, అదే సమయానికి, వీళ్లు కాలవ తవ్వుతున్నారు. మాటకీ చెవికీ మధ్య ఒక్క గోడ దూరం. ఆ గోడ కట్టించినవాళ్లే రేపు, ఈ పేటవాళ్లకి నోరు లేదండీ, అడగడం రాదండీ అంటారు.

ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పింది. పెద్ద మేడం నోరెత్తొద్దన్నదీ, ప్లీడరు గారబ్బాయి ఎవరైనా చెప్పొచ్చన్నదీ, రెండూ చెప్పింది. బట్టలుతికే సోడాకి పగిలిన అరచేతులకు నూనె రాసుకుంటూ అమ్మ వింది.

"బళ్లో పేరు కొట్టేస్తారేమో అమ్మా."

"మెట్లు మూస్తే పేరుంచుకుని ఏం చేసుకుంటాం?" అంది అమ్మ. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. వాళ్లు మన అమ్మలు కూడా కాదాయె. అడుగు."

ఆ తరవాత పారశాస్త్రం పీరియడ్‌లో నాలుగో సెక్షన్ కాలవ తవ్వుతూ ఒక్క మాట వల్లె వేసింది. మాట చిన్నదే గాని నోరు తిరగదు. ఒకడు 'అబ్బంతరం' అన్నాడు. ఇంకొకడు ఏకంగా 'అబ్బో, అంతరం' అన్నాడు. అందరూ పారలు వదిలేసి పడీ పడీ నవ్వారు. వాడన్నదాంట్లో తప్పేముంది? అంతరం కళ్లెదుటే ఉంది, మేడంత ఎత్తున. మేస్త్రమ్మ మాత్రం నవ్వకుండా, "మళ్లీ అను. అ, భ్యం, త, రం" అని ఒక్కొక్కరి చేతా పలికించింది. తప్పు పలికినవాడికి ఇంకో తట్ట మట్టి.

మళ్లీ సభ, మళ్లీ అదే హాలు, మళ్లీ అవే కుర్చీలు. గుమాస్తా లేచి, కిందటి సభలో వంతెన మూసివేతకు ఏకగ్రీవంగా ఆమోదం లభించిందని చదివాడు. ఛైర్మన్ గారు గడియారం చూసుకుంటూ, "ఖరారు చేద్దామా? అభ్యంతరాలేమైనా ఉన్నాయా?" అన్నాడు, ఉండవన్న ధీమాతోనే.

"ఉంది సార్."

గొంతు గోడ దగ్గర్నుంచి వచ్చింది. అందరూ వెనక్కి తిరిగారు. మేస్త్రమ్మ కాళ్లు వణుకుతున్నాయి, ఆ వణుకు కనిపించకుండా కుర్చీ ముందుకు అడ్డం పెట్టుకుంది.

పెద్ద మేడం లేచింది. "ఏయ్! నోర్ముయ్! క్షమించాలండీ, వీళ్లు కుర్చీలు వెయ్యడానికి వచ్చినవాళ్లు."

"వచ్చినవాళ్లమే కదా మేడం. సభలో ఉన్నవాళ్లెవరైనా చెప్పొచ్చంట" అంది మేస్త్రమ్మ.

ఛైర్మన్ గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా ఇబ్బందిగా, "చెప్పొచ్చండి" అన్నాడు. ముందు వరసలో ప్లీడరు గారబ్బాయి తల వంచుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు.

"సరే, చెప్పమ్మా."

"మెట్లెక్కేవాళ్లని ఆదివారం మధ్యాహ్నం లెక్కపెట్టారు సార్. ఆదివారం మధ్యాహ్నం ఈ బడికి కూడా ఒక్కరు రారు. బడి కూడా మూసేస్తారా? షిఫ్టులుండే రోజు తెల్లారేసరికి రండి. మీకే ఎక్కడానికి సందు దొరకదు. అవి మూస్తే మేం లారీల కింద పడాలి, లేదంటే బడి మానాలి. మా అమ్మ మానెయ్యమంటుంది. అందుకని నాకు అభ్యంతరం."

"నాకూ అభ్యంతరం" అంది పక్క పిల్ల. నాకూ, నాకూ అని గోడ పొడుగునా వినిపించింది. ఒక్కరు కూడా మాట తప్పు పలకలేదు.

ఛైర్మన్ గారికి చిరాకేసింది. "బాగానే ఉంది. మరి కిందటిసారి మూడుసార్లు అడిగాను, అప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నారు?"

"మమ్మల్ని అడిగారని తెలీలేదు సార్. మాకు పౌరశాస్త్రం చెప్పరు. ఆ పీరియడ్‌లో పారలిస్తారు."

ఎక్కడో ఒకరు కిసుక్కున నవ్వారు. తరవాత నవ్వు లేదు. పెద్ద మేడం ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ఛైర్మన్ గారు గొంతు సవరించుకుని, పనిరోజున మళ్లీ లెక్కపెట్టించేదాకా మూసివేత ఆపమని గుమాస్తాకు చెప్పాడు. మెట్లు నిలిచాయి, ప్రస్తుతానికి. ప్రస్తుతానికే అయినా, మర్నాడు అమ్మ ఆ మెట్లెక్కుతూ ఇనప రెయిలింగు మీద ఒకసారి చెయ్యివేసి తట్టింది.

ఇంతటితో కథ కంచికి పోయిందనుకునేవాళ్లకి బడి సంగతి తెలియదన్నమాట. "బడి పరువు బజారుకీడ్చారు" అని పెద్ద మేడం రంకెలేసింది. పత్రికలవాళ్లు అడుగుతారన్న భయంతో పేర్లు కొట్టెయ్యలేదు గాని, నాలుగో సెక్షన్‌ని ఇక సభలకు కుర్చీలు మొయ్యనివ్వొద్దని ఆజ్ఞ వేసింది. బుధవారం వచ్చింది. పారలు మాత్రం ఠంచనుగా వచ్చాయి. మేడ పక్క కాలవే, పౌరశాస్త్రం గది కిటికీ కిందే.

ఆ రోజు కిటికీలోంచి మాస్టారి గొంతు హుషారుగా వినిపించింది.

"మొన్న సభలో జరిగింది చూశారు కదా! ప్రజాస్వామ్యం అంటే అదే. పరీక్షకి కూడా పనికొస్తుంది, రాసుకోండి. ఒక పేద బాలిక, అధికారుల ముందు, తన గోడు వెళ్లబోసుకుంది. ఏమిటి? గోడు."

కింద కాలవలో పారలు ఆగిపోయాయి.

మేస్త్రమ్మ మోకాళ్ల దాకా బురదలో ఉంది. తన మాట, తన వణుకు, తన మెట్లు పైన పాఠమైపోయాయి. పాఠం వినే అర్హత మాత్రం తనకు లేదు! అదీ సరిగ్గా చెబుతున్నారా అంటే అదీ లేదు. ఒళ్లు మండిపోయింది. పైకెక్కింది, పార భుజానేసుకుంది, మేడ మెట్లెక్కింది. తళతళలాడే ఆ గచ్చు మీద ప్రతి అడుగూ బురదగా పడింది. వెనకాలే నాలుగో సెక్షన్ అంతా కదిలింది. ఎవరూ రమ్మనలేదు.

గుమ్మం పక్కన గోడకు పార ఆనించి, లోపలికి రావచ్చా అని అడగకుండానే అంది.

"సార్, అభ్యంతరం."

మాస్టారు సుద్దముక్క చేత్తోనే గుమ్మం వైపు తిరిగాడు.

"గోడు కాదు సార్ అది. గోడు ఇంట్లో వెళ్లబోసుకుంటాం. సభలో నేను చెప్పింది అభ్యంతరం. మీరు తప్పు రాయిస్తున్నారు."

గుమ్మంలో ఒకదాని పక్కన ఒకటి పారలు ఆనించిన చప్పుడు అవుతూనే ఉంది.

"మీ సెక్షన్ నాకు..." అని మాస్టారు మొదలుపెట్టాడు. ఆ బురద కాళ్ల వరస చూసి మాట పూర్తి చెయ్యలేకపోయాడు. "పెద్ద మేడం గారు ఒప్పుకోవద్దా అమ్మా?" అన్నాడు చివరికి.

"ఆవిడకి అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పమనండి సార్. ఎవరైనా చెప్పొచ్చు."

ప్లీడరు గారబ్బాయి బల్ల చివరికి జరిగాడు. మేస్త్రమ్మ వాడి పక్కన కూర్చుంది. బల్లలు నిండిపోయాక మిగిలినవాళ్లు నేల మీద కూర్చున్నారు.

"చెప్పండి సార్" అంది. "మొదట్నుంచీ చెప్పండి."